కొండకూ గొంతుకూ మధ్య ఒక వైరు

ఢిల్లీబాబు ఢిల్లీ చూడలేదు. అతని నాయన కాట్పాడి జంక్షన్ దాటి ఎరగడు. అయినా పిల్లవాడికి అంత దూరపు ఊరి పేరు పెట్టాడు, పేరు ముందు పోతే మనిషి వెంట పోతాడనుకున్నాడో ఏమో. పేరు లాగింది కానీ చిత్తూరులో బయల్దేరిన బండి తిరుపతిలోనే ఆగిపోయింది. బైరాగిపట్టెడలో సైకిలు షాపు పైన ఒక మేడగది, గది ముందు ‘సౌండ్ సర్వీస్’ అని తనే రంగుతో రాసుకున్న రేకు బోర్డు. పాతికేళ్లకు పైగా అదే అతని ఢిల్లీ.

మొదట్లో అతనికి మైక్‌సెట్ ఉండేది. రెండు రేకు హారన్లు, ఒక యాంప్లిఫయరు, దాని పక్కన అరచేతి వెడల్పు మర ఉన్న ఎకో పెట్టె. ఆ హారన్లు పాకాలలో కడితే చంద్రగిరి కోటలో పావురాలు లేచేవి. ఒకసారి శ్రీకాళహస్తిలో పెళ్లికి కట్టి పెళ్లికూతురి పేరు ఎంత గట్టిగా పిలిచాడంటే, సూళ్లూరుపేటలో అదే పేరున్న ఇంకో పిల్ల వచ్చి పీటల మీద కూర్చుందట. నమ్మనివాళ్లు నమ్మకపోవచ్చు. ఆ పిల్లను కట్టుకున్నవాడు మాత్రం ఈనాటికీ ఢిల్లీబాబును తిడుతూనే ఉన్నాడు.

అన్ని పెళ్లిళ్లకు మైకు కట్టిన మనిషి తన పెళ్లి సంగతి మరిచిపోయాడు. గుర్తొచ్చేసరికి నలభై దాటింది, జుట్టు ముందే సెలవు పెట్టింది. అందరూ అతన్ని ‘మైకాయన’ అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆ ఒక్కడూ పదకొండేళ్లుగా పిలవడం లేదు. అతని సంగతి తర్వాత.

రెండువేల నాలుగో సంవత్సరానికి రేకు హారన్లను అడిగే దిక్కు లేకుండా పోయింది. నల్లపెట్టెల స్పీకర్లు వచ్చాయి, కొడితే కడుపులో పేగులు కదిలే రకం. హారన్లు అటక ఎక్కాయి. ఢిల్లీబాబు ఆటోల్లో వేసే ప్రకటనలు రికార్డు చేసి బతుకుతున్నాడు. దోమతెరలు, పాత బట్టలకు స్టీలు సామాన్లు, తప్పిపోయిన పిల్లలు, అన్నీ ఒకే గొంతుతో చెప్పేవాడు. అందుకని పాత కంప్యూటర్ ఒకటి కొన్నాడు. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచ్చి స్ట్రీట్‌కు పోయి సౌండ్ కార్డు తెచ్చుకున్నాడు, దానితోబాటు ఒక సీడీ ఇచ్చారు. ఆ సీడీలో ఉన్నదే అతని బతుకులో చివరికి మిగిలిన తోడు.

సీడీలోని ఆ ప్రోగ్రామును కంప్యూటర్లో తెరిస్తే తెర మీద ముందు ఏమీ కనబడదు. ఖాళీ. పక్కనున్న పట్టీ నుంచి ఒక్కొక్క పెట్టె బొమ్మను మౌసుతో ఈడ్చుకొచ్చి మనమే పేర్చుకోవాలి. ప్రతి పెట్టెకు ఎడమవైపు ఒక బొక్క, కుడివైపు ఒక బొక్క. శబ్దం ఎడమ నుంచి లోపలికి పోతుంది, లోపల దానికి ఏదో ఒకటి జరుగుతుంది, కుడి నుంచి బయటికి వస్తుంది. ఒక పెట్టె కుడి బొక్క నుంచి ఇంకో పెట్టె ఎడమ బొక్కకు తెర మీదే వైరు గీయాలి. గీయకపోతే ఎంత అరిచినా గొంతు గడప దాటదు.

పెట్టెల మీద ఇంగ్లీషు పేర్లుండేవి. ఢిల్లీబాబు వాటితో పేచీ పెట్టుకోకుండా తన పేర్లు తను పెట్టుకున్నాడు. ఫ్యాను రొదను, గొంతులో బొంగురును వడగట్టేది జల్లెడ. అన్న మాటను కాసేపు ఆగి తిరిగి చెప్పేది కొండ. మాట చుట్టూ గోడలు లేపి గుయ్యిమనిపించేది బావి. కొండకు రెండు మరలుండేవి, ఎంతసేపు ఆగి బదులు చెప్పాలో ఒకటి, ఎన్నిసార్లు చెప్పాలో ఇంకొకటి.

మధ్యాహ్నం మెస్సు నుంచి క్యారియరు వచ్చేది. గిన్నెలు విప్పి ముందు పెట్టుకుని, మైకు దగ్గరికి జరిగి ‘తిన్నావా?’ అనేవాడు. కొండ కాసేపు ఆలోచించి, ‘తిన్నావా... తిన్నావా... తిన్నావా...’ అని స్పీకర్లోంచి అడిగేది.

“ఇంగా లేదప్పా, ఇప్పుడే కూసున్నా,” అని బదులిచ్చి అన్నం కలుపుకునేవాడు.

ఇందులో ఒక కిటుకు ఉంది. అడిగింది తానేనని చెవికి తెలిస్తే ఆట చెడిపోతుంది. అందుకని మైకు నుంచి స్పీకరుకు నేరుగా పోయే వైరును చెరిపేశాడు. మైకు నుంచి జల్లెడకు, జల్లెడ నుంచి కొండకు, కొండ నుంచి బావికి, బావి నుంచి స్పీకరుకు. తన గొంతు నేరుగా రాదు, బదులు మాత్రమే వస్తుంది. ఎవరో అడిగినట్టే ఉంటుంది. ఒకరోజు రెండో మర చివరంటా తిప్పి మరిచిపోయి టీకి దిగాడు. తిరిగొచ్చేసరికి గది ఇంకా ‘తిన్నావా’ అంటూనే ఉంది, కింద సైకిలు షాపు గురప్ప పంక్చరు వేయడం ఆపి, “తిన్నాను స్వామీ, కడుపు నిండా తిన్నాను, ఇంగ నన్నిడిసిపెట్టు,” అని పైకి దండాలు పెడుతున్నాడు.

ఆ ఏప్రిల్లో మేడ మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. పాకాల దగ్గరి గుండ్లపల్లె మునిరామయ్య, ధర్మరాజుల గుడి పెద్ద. ఆయన్ను చూడగానే ఢిల్లీబాబు చేతిలో మౌసు జారింది.

“ఏమప్పా మైకాయనా, బాగుండావా? గదేంది ఇట్ల కొట్టం మాదిరి ఉండాది?” అని కుర్చీ తనే లాక్కుని కూర్చున్నాడు మునిరామయ్య. “నీతో ఒక పనుండాదప్పా. మన అర్జునుడు పెంచలయ్యకు గొంతు పోతాండాది. అరవై దాటె. తపస్సు మాను ఎక్కేదానికి కాళ్లుండాయి, పాడేదానికి గొంతు లేదు. ఇంకొకర్ని ఎక్కిస్తామంటే ఒప్పుకోడు. ఈ ఒక్క ఏడూ ఎక్కి దిగేస్తానంటాడు. అందుకని ఆయన పద్యాలు నువ్వు ముందే రికార్డు చేసి, నీ మెషీన్లో బాగుచేసి, తపస్సు పొద్దు హారన్లో వెయ్యి. పైన ఆయన నోరు మెదిపితే సాలు.”

“నా దగ్గరికి వస్తానన్నాడా?”

“రానన్లేదు.”

“వస్తానన్నాడా అని అడగతాండా.”

“రానన్లేదని సెప్తాండా కదప్పా! ఇంకేం గావాల నీకు?”

ఢిల్లీబాబుకు ఏం కావాలో మునిరామయ్యకు తెలియదు. పెంచలయ్య నోటి నుంచి ‘ఒరే ఢిల్లీ’ అన్న రెండు మాటలు మళ్లీ వినాలి. అంతే.

గుండ్లపల్లెలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అందులో ఒక రోజు ఉదయం అర్జునుడి తపస్సు. మైదానం నడుమ అరవై అడుగుల తాటిమాను నున్నగా చెక్కి, మెట్లు కొట్టి పాతుతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ ఎక్కుతాడు. కింద బిడ్డలు లేని ఆడవాళ్లు తడిచీరలతో నేల మీద పడుకుని ఉంటారు. కొసకు చేరాక అతను జోలెలోని నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి చల్లుతాడు. ఎవరి చేతుల్లో నిమ్మకాయ పడితే వాళ్ల కడుపు పండుతుందని నమ్మకం.

ఆ అర్జునుడు పెంచలయ్య. ఆ మైకు ఢిల్లీబాబుది. పదిహేనేళ్ల పాటు ఏటా ముందురోజే గుండ్లపల్లె చేరి, పెంచలయ్య ఇంట్లో సంగటి, నంజుకోవడానికి చెనక్కాయల ఊరిబిండి తిని, తెల్లారి హారన్లు కట్టేవాడు. ఒక హారను జనం వైపు, రెండోది ఊరి వెనకనున్న రాతిగుట్ట వైపు. పద్యం ముందు మనిషి గొంతుతో వినబడేది, వెనకే గుట్ట గొంతుతో వినబడేది. సాక్షాత్తు కైలాసం నుంచే బదులు వచ్చిందని ముసలమ్మలు చెంపలేసుకునేవాళ్లు.

తొంభై మూడులో తపస్సుకు ముందురోజు టీ అంగడి దగ్గర పదిమందిలో పెంచలయ్య నవ్వుతూ ఒక మాటన్నాడు. “ఒరే ఢిల్లీ, నీ మైకు లేకపోయినా నా గొంతు పాకాల దాకా పోతాదిరా.” అందరూ నవ్వారు. ఢిల్లీబాబు కూడా నవ్వాడు. లోపల మాత్రం ఏదో గుచ్చుకుంది. మర్నాడు పెంచలయ్య కొసకు చేరి చివరి పద్యం ఎత్తుకోగానే, ఎవరి గొంతు బలమెంతో చూపిద్దామని ఎకో పెట్టె మర చివరంటా తిప్పాడు.

హారన్లు కూశాయి. పద్యం కాదు, ఏడు రైళ్లు ఒకేసారి కూసినట్టు కూత. పైన పెంచలయ్య ఉలిక్కిపడ్డాడు, కాలు జారింది. ఒంటి చేత్తో మానును కరుచుకుని నిలిచాడు కానీ జోలె చేజారింది. నిమ్మకాయలన్నీ మాను మొదట్లో ఒక్కచోటే కుప్పగా పడ్డాయి. ఒక్కటి కూడా ఎవరి చేతిలోనూ పడలేదు. తడిచీరల ఆడవాళ్లు లేచి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్లిపోయారు. ఊరి మగవాళ్లు కర్రలు పట్టుకుని మైకు బల్ల వైపు వచ్చారు.

అప్పుడు పెంచలయ్య దిగొచ్చి అడ్డం నిలబడ్డాడు. “మైకుది తప్పు గాదు. నా కాలు జారె. నేనే అరిసినా,” అన్నాడు. జనం తగ్గాక ఎకో పెట్టె వైపు చూశాడు. మర చివరన ఉంది. దాన్ని తన వేలితో నెమ్మదిగా వెనక్కి తిప్పి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మరుసటి ఏడు గుండ్లపల్లెకు ఇంకొకరి మైక్‌సెట్ వెళ్లింది. నాలుగు తన్ని ఉంటే ఆ సంగతి ఆ రోజే తెగిపోయేది. తన్నలేదు. పిలవడం మానేశాడు.

వారం తర్వాత పెంచలయ్య మేడగదికి వచ్చాడు. చిక్కిపోయాడు, మీసం తెల్లబడింది. గదిలో ఉన్నది ముగ్గురే అయినా మాట మాత్రం నేరుగా నడవలేదు.

“మునిరామయ్యా, యాడ కూసోవాల్నో ఆయప్పను అడుగు,” అన్నాడు పెంచలయ్య.

“యాడ కూసోమంటావప్పా మైకాయనా?”

“ఈడ, మైకు ముందర.”

“మైకు ముందర గౌరవంగా కూసోమంటాండాడు.”

“నా గొంతులో జీర ఉండాది, దాన్ని తీసేస్తే పద్యంలో ఉప్పు పోతాదని సెప్పు.”

“గొంతు తేనె మాదిరి తీపిగా సెయ్యమంటాండాడప్పా.”

పెంచలయ్య తలెత్తి మునిరామయ్యను ఒక చూపు చూశాడు. ఢిల్లీబాబుకు నవ్వొచ్చింది, నవ్వితే ఏమవుతుందోనని మింగేశాడు. మునిరామయ్య కూడా తెర మీది పెట్టె లాంటివాడే. ఎడమచెవిలో ఒకటి పోతే నోట్లోంచి ఇంకొకటి వస్తుంది.

రికార్డింగు మధ్యాహ్నం దాకా సాగింది. దగ్గు, నీళ్లు, మళ్లీ మొదలు. అయ్యాక ఢిల్లీబాబు ఆ గొంతును పెట్టెల్లోకి పంపాడు. జల్లెడలో వడగట్టాడు, కొండ మీదికి ఎక్కించాడు, బావిలోకి దింపాడు. స్పీకర్లోంచి వచ్చిన పద్యానికి వయసు లేదు. మేఘంలోంచి వచ్చినట్టు, ఒక అక్షరం మీద ఇంకో అక్షరం తేలుతూ వచ్చింది. మునిరామయ్య కళ్లు తుడుచుకున్నాడు.

పెంచలయ్య స్పీకరు వైపు వంగి విన్నాడు. తర్వాత, “మునిరామయ్యా, కొండ పలకతాండాది. బాగుండాది. పిలిసినోడు యాడ?” అన్నాడు.

“శానా బాగుండాదంటాండాడప్పా!”

ఢిల్లీబాబు తెర వైపు చూశాడు. పద్యానికి కూడా తన మధ్యాహ్నపు అమరికే వాడాడు. నేరుగా పోయే వైరు లేదు. అన్నం దగ్గర తన గొంతును దాచుకోవడం అలవాటై, తెలియకుండా పెంచలయ్య గొంతును కూడా దాచేశాడు. గబగబా ఒక వైరు గీశాడు, అన్ని పెట్టెలనూ తప్పించి, గొంతు నుంచి తిన్నగా స్పీకరుకు. మళ్లీ వేశాడు. ఈసారి పెంచలయ్య వచ్చాడు. జీర, పగులు, పద్యం నడుమ ఊపిరి కోసం తడుముకోవడం, అన్నీ వచ్చాయి.

పెంచలయ్య కండువా తీసి భుజాన వేసుకున్నాడు. “వద్దని సెప్పు. ఈ ముసిలి గొంతు ఊరికి వినిపిస్తే నేను మానెక్కను. ముందు ఏసిందే ఏసుకోమను.”

“ముందుదే...” అని మునిరామయ్య మొదలుపెట్టాడు.

“విన్నాలేప్పా,” అన్నాడు ఢిల్లీబాబు. ఆ వైరు చెరిపేశాడు. వాళ్లు గుమ్మం దాటుతుంటే, “మునిరామయ్యా, ఆయనకు ఒక మాట చెప్పాల,” అన్నాడు. పెంచలయ్య మెట్ల మీద ఆగాడు, వెనక్కి తిరగలేదు. మర నేనే తిప్పానని చెప్పాలి. అది మునిరామయ్య లోపలికి పోయి ఏమై బయటికి వస్తుందో తలుచుకుని మాట మార్చాడు. “నిదానంగా దిగమను. మెట్లు నున్నగా ఉండాయి.”

తపస్సు నాడు ఢిల్లీబాబు అటక మీది హారన్లు దించాడు. కంప్యూటర్‌ను దుప్పటిలో చుట్టి, బ్యాటరీతో సహా ఆటోలో గుండ్లపల్లె చేర్చాడు. ఒక హారను జనం వైపు కట్టాడు. రెండోది చెయ్యి తనంతట తనే గుట్ట వైపు తిప్పి కట్టింది. పెంచలయ్య మెడ దగ్గర చిన్న మైకు తగిలించారు. అది జనానికి కాదు. ఏ పద్యం దగ్గర నోరు మెదుపుతున్నాడో తెలుసుకుని రికార్డు నడపడానికి దాని వైరు ఢిల్లీబాబు చెవుల్లోని హెడ్‌ఫోన్ దాకానే గీసి ఉంది. పొరపాటు జరిగితే ఎక్కడ జరిగిందో తర్వాత వినడానికి ఆ మైకు మాటను కూడా రికార్డులో పెట్టాడు.

పెంచలయ్య ఎక్కసాగాడు. హారన్లలో మేఘపు గొంతు పద్యాలు పాడుతోంది. జనం ఆహా అంటున్నారు. ఢిల్లీబాబు చెవుల్లో మాత్రం ఆ పద్యాలు లేవు. గజ్జెల చప్పుడు, మాను కిర్రుమనడం, ఒక ముసలివాడి ఆయాసం. మైదానంలో వేలమంది ఉన్నారు, ఆ ఆయాసం విన్నవాడు ఒక్కడే.

కొసకు ఇంకో నాలుగు మెట్లుండగా గజ్జెలు ఆగాయి.

“ఒరే ఢిల్లీ.”

ఢిల్లీబాబు హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకున్నాడు.

“వింటాండావా? ఇంగ సాలు. కింద ఆడోళ్లు నేను పాడతాండాననుకుని పడుకోనుండారు. ఇది నేను గాదు. దాన్ని ఆపు, నేను పాడతా.” కాసేపు గాలి చప్పుడు. “మర మాత్రం నిదానంగా తిప్పురా.”

వింటున్నానని చెప్పడానికి ఢిల్లీబాబు నోరు తెరిచాడు. పై నుంచి కిందికి వైరు ఉంది, కింది నుంచి పైకి లేదు. మౌసు పట్టుకున్నాడు. వైరు రెండుసార్లు జారింది. రికార్డు వైరు తెంపాడు. మైకు నుంచి కొండకు గీయబోయి ఆగాడు, కొండనూ బావినీ జల్లెడనూ అన్నింటినీ చెరిపేశాడు. తెర మీద రెండే పెట్టెలు మిగిలాయి, మైకు, హారన్లు. నడుమ ఒకే వైరు.

పెంచలయ్య ఎత్తుకున్నాడు. గొంతు బొంగురు పోయింది, పగిలింది, నడుమ ఆగింది. జనంలో గుసగుసలు లేచాయి. మునిరామయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. “ఏమప్పా, మెషీను చెడిపోయెనా? ఏందా గొంతు?”

“మెషీను బాగుండాది. నువ్వు గమ్మునుండు.”

పగిలిన ఆ గొంతే వెళ్లి రాతిగుట్టకు తగిలింది. గుట్ట కాసేపు ఆగి, పదిహేనేళ్లు ఎలా పలికిందో అలాగే తిరిగి పలికింది. గుసగుసలు ఆగిపోయాయి. చివరి పద్యం అయ్యాక నిమ్మకాయలు ఒక్కొక్కటే ఎండలో మెరుస్తూ పడ్డాయి. మూడు చేతుల్లో పడ్డాయి. మిగిలినవి మట్టిలో దొర్లాయి.

దిగిన పెంచలయ్యను జనం ఎత్తుకుని గుడికి తీసుకుపోయారు. మైకు బల్ల వైపు ఎవరూ రాలేదు. ఢిల్లీబాబు ఒక్కడే హారన్లు విప్పి, వైర్లు చుట్టి, ఆటో ఎక్కాడు.

గదికి చేరాక కంప్యూటర్ తెరిచి ఆ ముక్క వెతికాడు. ‘ఒరే ఢిల్లీ. వింటాండావా?’ అలవాటుగా చెయ్యి కొండను ఈడ్చుకొచ్చి వైరు గీయబోయింది. గీస్తే గది రోజంతా అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. వైరు సగంలో వదిలేశాడు. కొండ పిలిస్తే అది కొండ పిలుపే. ఒక్కసారి నేరుగా విన్నాడు. “వింటాండా,” అన్నాడు ఖాళీ గదిలో. ఆ మాట ఎక్కడికీ పోలేదు.

తెల్లారి మొదటి బస్సుకు పాకాల వెళ్లి, అక్కడి నుంచి నడిచాడు. పెంచలయ్య ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చాటలో చెనక్కాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

“వింటాండా, అన్నా,” అన్నాడు ఢిల్లీబాబు.

“బదులుకు ఇంతసేపా? నీ కొండ శానా దూరంలో ఉన్నట్టుండాదే.”

“ఆ పొద్దు మర నేనే తిప్పినా. కావాలనే తిప్పినా.”

పెంచలయ్య రెండు కాయలు ఒలిచాడు. “తెలుసు,” అన్నాడు. గొంతు నిన్నటికంటే ఇంకా పోయింది, గుసగుసలాగా ఉంది. “నువ్వు సెప్పలేదే అనుకుంటా ఉన్నా.” చాటను కొంచెం ఇటు జరిపాడు.

ఢిల్లీబాబు కూర్చుని ఒలవడం మొదలుపెట్టాడు. పొట్టు కుప్ప పెరిగింది, నీడ అరుగు దిగింది. చాట ఖాళీ అయ్యాక పెంచలయ్య లేచి, గడప దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

“తిన్నావా?” అన్నాడు.

ఒక్కసారే అడిగాడు.